వరహాలత్త గుటక

మా వరహాలత్త మెస్సులో అన్నం తింటూ ఎవరికైనా పొలమారిందంటే వాళ్ళకి ఆ పూట పండగే. అత్త గరిటె ఎడమచేతిలోకి మార్చుకుని గబగబా వచ్చి, కుడి అరచేత్తో వాళ్ళ మాడు మీద మెత్తగా తట్టేది. "ఎవరో తలుచుకుంటున్నారయ్యా" అనేది. అక్కడితో ఊరుకుంటే ఆవిడ మా అత్త ఎందుకవుతుంది? ఎవరు తలుచుకుంటున్నారో కూడా తనే తేల్చేది. "తునిలో మీ అమ్మ ఇయ్యాల పనసపొట్టు కూర వండుంటుంది" అని ఇంజనీరింగ్ కుర్రాడితో చెప్పేది. "ఆ పెద్దాపురం పిల్ల నిన్నింకా మర్చిపోలేదయ్యా" అని బ్యాంకు గుమాస్తాని ఆటపట్టించేది. బంతి బంతంతా ఘొల్లుమనేది. ఇంటి మీద బెంగ పెట్టుకున్నవాళ్ళు కొందరు పొలమారకపోయినా దొంగదగ్గు దగ్గేవాళ్ళు. అత్తకి తెలుసు. అయినా తట్టేది.

కాకినాడ రామారావుపేటలో ఒక పెంకుటింటి ముందు రేకుల పందిరి వేసి నడిపిన మెస్సు అది. బోర్డు కూడా ఉండేది కాదు. మా నాన్న కరెంటు లైన్‌మన్. ఆర్నెల్లకో ఊరు మారాల్సి వచ్చేది. అందుకని చదువు కోసం నన్ను తన అక్క దగ్గర వదిలాడు. అత్తకి పిల్లల్లేరు. పదేళ్ళ వయసులో వెళ్ళినదాన్ని ఇంజనీరింగ్ అయ్యేదాకా ఆవిడ చేతి అన్నమే తిన్నాను. ఇప్పుడు నాకు యాభై దాటాయి. ఎక్కడ ఇంగువ పోపు వాసన తగిలినా ఆ పందిరి, ఆ బల్లలు, "హరిణీ, మంచినీళ్ళు చూడవే" అన్న కేక గుర్తొచ్చి కాసేపు ఏ పనీ తోచదు.

నా పదహారో ఏట, ఒక మంగళవారం మధ్యాహ్నం, సింహాచలం మావయ్యకి పొలమారింది. మావయ్య అంటే అత్త భర్త. కూరలు తేవడం, అరిటాకులు కోయడం ఆయన పని. మాట్లాడడం మాత్రం పూర్తిగా అత్తకే వదిలేశాడు. అత్త ఆయన మాడు మీద తట్టి, "యానాంలో మీ అక్క తలుచుకుంటంది. మొన్న దసరాకి చీర పెట్టలేదుగా, మరి తలుచుకోదా?" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. సాయంత్రం కాఫీ తాగుతుంటే మళ్ళీ పొలమారింది. "ఇప్పుడు చిన్నక్క కూడా మొదలెట్టింది" అంది అత్త. పొద్దుపోయేసరికి ఆయన గొంతు బొంగురుపోయింది. జలుబన్నాం. మర్నాడంతా ఎక్కిళ్ళు. కళ్ళు తిరుగుతున్నాయన్నాడు, గుమ్మం రెండుగా కనిపిస్తోందన్నాడు. పైత్యం చేసిందని అల్లంరసం పట్టాం. మూతి వంకర పోలేదు, చేతులూ కాళ్ళూ ఆడుతున్నాయి, ఇంక పక్షవాతమన్న ఆలోచన ఎవరికి వస్తుంది? మూడోరోజు పంపు దగ్గర పడిపోయాడు.

ఆసుపత్రిలో డాక్టరు తన బొటనవేలు చూపించి చెప్పాడు. "మెదడు వెన్నుపాములోకి దిగేచోట ఇంత కాడ ఉంటుందమ్మా. ఊపిరి తీయడం, మింగడం, గొంతు, కళ్ళ కదలిక, నడకలో నిలకడ, అన్నీ దాని గుండానే. అక్కడ రక్తం గడ్డకట్టింది. మొదటిసారి పొలమారినప్పుడే తెచ్చి ఉంటే ప్రయత్నం చేసేవాళ్ళం." అత్త తన కుడి అరచెయ్యి చూసుకుంటూ నిలబడింది. మావయ్య ఆ రాత్రి దాటలేదు. ఆ తర్వాత ఆవిడ ఎవరి మాడూ తట్టలేదు. పందిట్లో ఎవరికైనా పొలమారితే వంటింట్లోకి వెళ్ళిపోయేది.

నేను శబ్దాల ఇంజనీరునయ్యాను. ఎందుకయ్యానో వేరే చెప్పక్కర్లేదు. విశాఖపట్నంలో ఒక ప్రయోగశాలలో నరాల డాక్టరు ప్రసన్నకుమార్ గారితో కలిసి పదకొండేళ్ళు గొడవపడితే గుటక గ్లాసు తయారైంది. చూడ్డానికి మామూలు స్టీలు గ్లాసే. అడుగున రెండు రేకుల మధ్య ఒక చెవి ఉంటుంది. మనిషి నీళ్ళు మింగినప్పుడు నాలుక తోయడం, స్వరపేటిక పైకి లేవడం, ఊపిరి దారి మూసుకోవడం, అన్నీ క్షణంలో వరసగా జరిగిపోతాయి. ఆ వరసని నడిపేది ఆ బొటనవేలంత కాడే. దానికి రక్తం తగ్గడం మొదలైతే వరస రవ్వంత తడబడుతుంది. మనిషి చెవికి అందని ఆ తడబాటు గ్లాసుకి అందుతుంది. వెంటనే ఫోన్ మోగుతుంది.

గ్లాసుకి గుటకలు నేర్పాలంటే వందలమంది తాగాలి. ఇంకెక్కడికి వెళ్తాను? నలభై గ్లాసులు మూటగట్టుకుని కాకినాడ వెళ్ళాను. వారం తిరక్కుండా నలభైకి నలభై చచ్చిపోయాయి. అత్త వాటిని చింతపండు, ఇసుక వేసి తళతళా మెరిసేలా తోమించింది.

"నీళ్ళతో తొలిస్తే చాలని చెప్పానుగా అత్తా" అన్నాను ఏడుపుగొంతుతో.

"నలుగురు తాగిన గ్లాసు తోమకుండా బల్ల మీద పెడతానేంటే? తోమితే చచ్చిపోయేది గ్లాసేంటి, దానిక్కూడా జబ్బేనా?" అంది.

చింతపండుకి తట్టుకునే గ్లాసు చేయడానికి ఇంకో ఏడాది పట్టింది. ప్రసన్న గారు మా అత్తని ప్రయోగశాల ప్రధాన పరీక్షాధికారి అనేవారు.

ఆ తర్వాత రెండేళ్ళ పాటు మెస్సులో తిన్నవాళ్ళందరూ ఒప్పుకుని, పేరు చెప్పి ఆ గ్లాసులతోనే తాగారు. నాలుగువందల పన్నెండు మంది. ఎవరి నడక వాళ్ళదైనట్టు ఎవరి గుటక వాళ్ళదే. బ్యాంకు రాఘవయ్య గారు మూడు విడతలుగా మింగేవారు. పోర్టులో క్రేను నడిపి రిటైరైన అప్పలస్వామి గారైతే గ్లాసుడు నీళ్ళు రెండే గుటకల్లో లాగించేవారు. ఒకరోజు మధ్యాహ్నం ఆయన గ్లాసే మొదటిసారి ఫోన్ మోగించింది. ఆయన శుభ్రంగా నడుస్తున్నారు, కూరలో కారం తగ్గిందని నూకరత్నంతో పోట్లాడుతున్నారు కూడా. నూకరత్నం అంటే అత్తకి వంటలో కుడిభుజం. నలుగురం కలిసి ఆయన్ని బలవంతంగా ఆటో ఎక్కించాం. మెదడు కాడలో గడ్డ దొరికింది. కరిగించారు.

ఆ సాయంత్రం అత్త ఆ గ్లాసు పట్టుకుని చాలాసేపు కూర్చుంది. "మీ మావయ్యకి స్టీలు గ్లాసు గిట్టేది కాదే. ఇత్తడి గ్లాసులోనే తాగేవోడు" అంది. నేను పక్కన కూర్చుని ఏడ్చాను. ఆవిడ ఏడవలేదు.

అప్పలస్వామి గారి ప్రాణం దక్కింది గానీ మింగే శక్తి పోయింది. చచ్చిన కణాలు మళ్ళీ బతకవు. వాటి చుట్టూ ఉన్నవాటికి ఆ పని నేర్పాలి. దానికోసం మేం మెడపట్టీ చేశాం. గ్లాసు దాచిపెట్టిన ఆ మనిషి పాత గుటకనే పట్టీ చర్మం మీంచి చిన్న చిన్న చురుకులుగా లోపలికి పంపుతుంది. ఎవరో పల్లవి అందిస్తే మర్చిపోయిన చరణం నోటికొచ్చినట్టు, మెదడు తన గుటక తాను గుర్తుపట్టి అందుకుంటుంది. తొమ్మిదో రోజున ఆయన ఇడ్లీ తిన్నారు. గ్లాసులు వేరే ఊళ్ళకీ వెళ్ళాక ఇంకో నలభై మంది తిన్నారు. ఒకటే చిక్కు. ఎవరి గుటక వాళ్ళకే పనిచేస్తుంది. ఇంకొకరి గుటక నిల్వలోంచి తీసి పంపితే మెదడు పట్టించుకోదు.

పోయిన శ్రావణంలో, పొద్దున పదిన్నరకి నూకరత్నం ఫోన్ చేసింది.

"అమ్మగారికి పొద్దున్నుంచీ ఒకటే ఎక్కిళ్ళండి. గోడ పట్టుకుని నడుత్తన్నారు. పైత్యమంటన్నారండి. మీకు చెప్పొద్దన్నారు, నేనే చెప్పేత్తన్నాను."

"అత్తకి ఇయ్యి."

"ఏంటే, ఉజ్జోగం మానేసి ఫోన్లా?" అంది అత్త. ఆ గొంతు అత్తది కాదు. బొంగురుగా, ముక్కులోంచి వస్తోంది.

"అత్తా, ఒక్క గుక్క నీళ్ళు తాగి నా పేరు పిలువు."

దగ్గింది. "హరిణీ" అంది. గొంతులో నీళ్ళు నిలిచిపోయి, ఆ పేరు తడితడిగా వచ్చింది. ఏ గ్లాసూ అక్కర్లేకపోయింది.

అంబులెన్సు అక్కడికి పంపి నేను విశాఖలో కారెక్కాను. ఆసుపత్రిలో చిన్న వయసు డాక్టరమ్మ ఫోన్లో చెప్పింది. "నవ్వమంటే నవ్వారు మేడమ్, రెండు చేతులూ ఎత్తారు, బలం బాగానే ఉంది. కళ్ళు తిరగడానికి ఇంజెక్షన్ ఇద్దామనుకుంటున్నాను."

"అమ్మా, ఒకసారి నడిపించి చూడండి. కళ్ళు పక్కకి తిప్పించి చూడండి. గుక్కెడు నీళ్ళు కూడా తాగించకండి."

రెండు నిమిషాల తర్వాత ఆ అమ్మాయి గొంతు మారిపోయింది. "ఎడమకి ఒరిగిపోతున్నారు మేడమ్. కళ్ళు అదురుతున్నాయి. స్కానింగ్‌కి తీసుకెళ్తున్నాం." మంచి డాక్టరు. మొదటి స్కానింగ్‌లో ఏమీ కనబడకపోయినా ఊరుకోలేదు. రక్తనాళాల్ని విడిగా చూసింది. నేను అన్నవరం దాటేసరికి మందు ఎక్కించడం మొదలుపెట్టింది.

అత్త బతికింది. మెలకువ వచ్చింది. చేతులూ కాళ్ళూ ఆడుతున్నాయి. మింగడం మాత్రం పూర్తిగా పోయింది. లాలాజలం కూడా మింగలేక పక్కన గిన్నె పెట్టుకుంది. ముక్కులోంచి గొట్టం వేసి తెల్లటి ద్రవం పోస్తున్నారు. విశాఖకి తీసుకొచ్చాం. మాట రాక పలక అడిగింది. మొదటగా రాసిన మాట "చారు".

"వారం పది రోజుల్లో తాగిస్తానత్తా" అని ధైర్యంగా చెప్పి ప్రయోగశాలకి పరిగెత్తాను. నిల్వలో అత్త పేరు కొట్టాను. రాలేదు. వరహాలమ్మ అని, వరాలమ్మ అని, ఇంటిపేరుతో, ఇంటిపేరు లేకుండా, అన్ని రకాలుగా కొట్టాను. మెస్సులో తాగిన నాలుగువందల పన్నెండు మందిలో అత్త లేదు.

నూకరత్నానికి ఫోన్ చేశాను. "అత్త ఆ గ్లాసుల్లో ఒక్కసారి కూడా తాగలేదా?"

"ఎలా తాగుతారండి? అందరూ తిని ఎల్లాక, గ్లాసులన్నీ తోమి బోర్లించాక కదండీ ఆవిడ తినేది! నీళ్ళంటారా, చెంబెత్తి పోసుకునేవోరు. మీకు తెలీదేంటండి?"

తెలీదు. పన్నెండేళ్ళు ఆవిడ ఇంట్లో తిన్నాను. ఆ తర్వాత రెండేళ్ళు ప్రతి గుటకకీ పేరు రాసుకుంటూ ఆ పందిట్లోనే తిరిగాను. అత్త తింటుంటే ఒక్కసారి కూడా చూడలేదు. తింటుందని కూడా ఎప్పుడూ అనుకోలేదు. వడ్డించేవాళ్ళకి ఆకలి ఉండదన్నట్టు నలుగురితో పాటు నేనూ చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయాను. శాస్త్రజ్ఞురాలినని సభల్లో శాలువాలు కప్పించుకున్నాను. ఆ రోజు నా మీద నాకు పుట్టినంత అసహ్యం ఎవరి మీదా పుట్టలేదు.

ప్రసన్న గారు చల్లారిన కాఫీ పక్కకి జరిపి చెప్పారు. "నిల్వలో ఉన్న గుటక పనికిరాదు. బతికున్న మనిషి గుటకని అప్పటికప్పుడు పంపితే పనిచేయొచ్చు. ఇద్దరికీ పట్టీలు కట్టాలి. మీరు మింగుతుంటే ఆవిడ మెదడు మీ వెనకాల నడవాలి."

"మేకల మీద చేశాం కదా?"

"చేశాం. ఆరు జతలు. మింగలేని ఆరు మేకలూ మింగడం నేర్చుకున్నాయి. నేర్పిన మేకల్లో నాలుగింటి గుటక చెడింది. రెండు కోలుకున్నాయి, రెండు కోలుకోలేదు. పట్టీ రెండువైపులా లాగుతుంది హరిణి గారూ. మీ వరస ఆవిడకి వెళ్తుంది, ఆవిడ తడబాటు మీకొస్తుంది. మనుషుల మీద ఇంతవరకూ ఎవరూ చేయలేదు."

"గొట్టంతో ఎన్నాళ్ళుంటుంది?"

"డెబ్భై మూడేళ్ళ మనిషి. లాలాజలం ఇప్పటికే ఊపిరితిత్తుల్లోకి దిగుతోంది. నెలలే."

కమిటీ అనుమతికి నాలుగు రోజులు పట్టింది. కాగితాల మీద నా సంతకం పెట్టాను. అత్త తన సంతకం పెట్టేముందు పలక మీద రాసి ప్రసన్న గారికి చూపించింది. "దీని వల్ల పిల్లకేమన్నా అవుతుందా?" ఆయన నా వంక చూశారు. చెప్పొద్దని నేను ముందే చేతులు పట్టుకుని బతిమాలుకున్నాను. "అవకపోవచ్చమ్మా" అన్నారాయన. అత్త నమ్మలేదు. పలక తుడిచి "వద్దు" అని రాసింది.

"మావయ్యకి పొలమారిన రోజు నేనూ నవ్వానత్తా" అన్నాను. "ఆ తప్పు నువ్వొక్కదానివే మోసుకు తిరిగావు. నాకేం కాదు. సంతకం పెట్టు."

అత్త పలక పక్కన పెట్టి, కాగితం లాక్కుని సంతకం పెట్టింది.

ఆరు రోజులు రోజుకి మూడుసార్లు మేమిద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం. నా మెడకో పట్టీ, అత్త మెడకో పట్టీ. నా ముందు క్యాంటీన్ భోజనం, అత్త ముందు ఖాళీ బల్ల. నేను ముద్ద మింగినప్పుడల్లా అత్త మెడ మీద చర్మం చిన్నగా కదిలేది. కదిలి ఆగిపోయేది. ఆవిడకి అది కాదు కష్టం. ఎదురుగా మనిషి తింటుంటే ఊరికే కూర్చోవడం కష్టం. కుడిచెయ్యి గరిటె కోసం వెతుక్కునేది. రెండోరోజు పలక మీద "పప్పులో ఉప్పు లేదు" అని రాసింది. రుచి చూడకుండా ఎలా తెలిసిందంటే "రంగు" అని రాసింది. మూడోరోజు "ఇంకాస్త వేసుకో" అని రాసింది. నాలుగోరోజు నాకు మజ్జిగ అడ్డం పడింది. దగ్గు ఆపుకుని, కళ్ళనీళ్ళు తుడుచుకుని, పచ్చిమిరపకాయ కొరికానని చెప్పాను.

ఆరోరోజు మధ్యాహ్నం నూకరత్నం కాకినాడ నుంచి క్యారేజీలో చారు తెచ్చింది. దాన్ని కాస్త చిక్కబరిచి అరచెంచా అత్త నోట్లో పోశాం. నేనూ అరచెంచా పోసుకున్నాను. మింగాను. అత్త మింగింది. గది నిండా ఆ గుటక వినిపించింది. ప్రసన్న గారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ ఉండిపోయారు. అత్త నోరు తెరిచి చూపించింది, ఖాళీ. తర్వాత గొంతు సవరించుకుని అన్ని రోజుల తర్వాత మొదటి మాట మాట్లాడింది.

"మెంతులు మాడ్చావే నూకరత్నం."

నేను మాత్రం తెర మీద గీతలు చూస్తున్నాను. అది అచ్చం నా గుటక. బస్సు తప్పిపోతుందన్నట్టు మింగే నా హడావిడి గుటక. అత్తది ఎలాంటి గుటకో, ఎన్ని విడతలుగా మింగేదో ఇక ఈ లోకంలో ఎవరికీ తెలీదు. అది ఎవరూ వినకుండానే పోయింది.

నాది కోలుకోని రెండు మేకల దారే అయింది. నెల చూశాం, మూడు నెలలు చూశాం. ఇప్పుడు నేను ముద్ద నోట్లో పెట్టుకుని, గడ్డం గుండెకి ఆనించి, ఊపిరి బిగబట్టి, మింగాలని గట్టిగా అనుకుంటే తప్ప మింగుడు పడదు. నీళ్ళు కూడా చిక్కబరచకుండా తాగకూడదు. తింటూ మాట్లాడకూడదు. గుప్పెడన్నం తినడానికి గంట పడుతుంది. ప్రయోగశాలలో తలుపేసుకుని తింటాను. అత్తకి ఫోన్లో మాత్రం అంతా బాగుందనే చెబుతూ వచ్చాను.

మొన్న మాఘంలో కాకినాడ వెళ్ళాను. మెస్సు ఇప్పుడు నూకరత్నం నడుపుతోంది. అత్త అజమాయిషీ చేస్తోంది. నేను వెళ్ళేసరికి మధ్యాహ్నం బంతి నడుస్తోంది. తర్వాత తింటానని తప్పించుకోబోయాను. అత్త వినలేదు. వంటింట్లో నేల మీద రెండాకులు వేసి, తనే వడ్డించి, తనూ నా పక్కన కూర్చుంది. నా హడావిడి గుటకతో పది నిమిషాల్లో ఆకు ఖాళీ చేసేసింది. తర్వాత తల తిప్పి నన్ను చూసింది. నేను మూడో ముద్దలో ఉన్నాను. గడ్డం గుండెకి ఆనించి ఉంది. దాచడానికి వీల్లేకపోయింది.

ఆ ముద్ద దిగేదాకా ఆగి అత్త అడిగింది.

"ఎన్నాళ్ళ నుంచే?"

"నాలుగో రోజు నుంచి."

"మిరపకాయ కొరికానన్నావు."

"అవును."

"దొంగముండా! నాకు చెప్పుంటే ఆ చారు ఉమ్మేసేదాన్ని."

"అందుకే చెప్పలేదు."

అత్త కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. మావయ్య పోయినప్పుడు కూడా నేను ఆవిడ కన్నీళ్ళు చూడలేదు. పందిట్లోంచి ఎవరో "అమ్మగారూ, చారండీ!" అని కేకేశారు. అత్త లేవలేదు. ఇంకొకరు పెరుగు అడిగారు. "నూకరత్నం, నువ్వు చూస్కోవే, నేను బంతిలో ఉన్నాను" అని ఇక్కడి నుంచే అరిచింది. నేను ఇంకో ముద్ద కలుపుకున్నాను. బయట బంతి లేచింది, బల్లలు తుడిచారు, గ్లాసులు తోమడం మొదలుపెట్టారు. నా ఆకులో ఇంకా సగం అన్నం ఉంది.

"చెయ్యి కడుక్కో అత్తా, ఎండిపోతోంది" అన్నాను ముద్దకీ ముద్దకీ మధ్య.

"తింటూ మాటాడకు" అంది. "నిదానంగా తిను. నాకేం పనుందని?"

నేను ఆఖరి ముద్ద మింగేసరికి అత్త చేతికంటిన పెరుగన్నం మెతుకులు పూర్తిగా ఎండి రాలిపోతున్నాయి.